ఐపీ అడ్రస్‌తో ఇంటి అడ్రస్ దొరుకుతుందా? మీరే పరీక్షించుకుని, సరిచేసుకునే పద్ధతి

"నీ ఐపీ నా దగ్గరుంది. రేపు పొద్దునకి మీ ఇంటి ముందుంటా."

పోయిన నెలలో మా పక్క లైనులో ఉండే ఇంటర్ కుర్రాడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. వెనకాలే వాళ్లమ్మ. "బాబాయ్, కొన్నాళ్లు మామయ్య వాళ్లింటికి వెళ్లమంటావా?" అని అడిగాడు. గేమ్‌లో ఓడిపోయినవాడెవడో పంపిన మెసేజ్ అది. కింద ఒక ఐపీ నంబరు, ఒక మ్యాప్ స్క్రీన్‌షాట్. మ్యాప్‌లో ఎర్ర గుర్తు చూస్తే హైదరాబాద్ నడిబొడ్డున ఉంది. మేముండేది గుంటూరు బ్రాడీపేటలో.

ఇలాంటి మెసేజ్ పట్టుకుని టెన్షన్‌తో వచ్చేవాళ్లు నాకు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందుకే ఒకచోట వరసగా రాస్తున్నాను.

ముందు జవాబు. ఐపీ అంటే నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబరు. అదొక్కటే పట్టుకుని మామూలు మనిషెవరూ మీ గుమ్మం దాకా రాలేరు. బ్రాడీపేటలో అడ్రస్ 4/14 అని రాసుకుంటాం, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని. ఐపీలో ఆ నాలుగూ ఉండదు, ఆ పద్నాలుగూ ఉండదు. "గుంటూరు" అని వచ్చిందంటే అదే ఎక్కువ. డోర్ నంబరు తెలిసేది మీకు నెట్ ఇచ్చిన కంపెనీకి మాత్రమే. వాళ్లు దాన్ని చట్టప్రకారం అడిగినవాళ్లకే చెప్పాలి.

అయితే కొన్ని మినహాయింపులున్నాయి. ఐపీతో సంబంధం లేకుండా అడ్రస్ బయటపడే దారులు ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ చూద్దాం.

## 1. మొదలుపెట్టే ముందు

అరగంట పని. దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఇంటి వైఫైకి కలిసిన ఫోన్, ఉంటే ల్యాప్‌టాప్ కూడా
- రూటర్ లాగిన్ పేరు, పాస్‌వర్డ్ (రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి)
- కాగితం, పెన్ను

ఇప్పుడు రెండు పనులు తప్పనిసరిగా చేయండి. ఫోన్‌లో వీపీఎన్ (మీ ఐపీని దాచే యాప్) ఉంటే ఆపండి. తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ అనుమతి తీసేయండి.

రెండోది ఎందుకంటే, నా దగ్గరికి వచ్చిన భయాల్లో సగం ఇక్కడే పుట్టాయి. ఏదో సైటు తెరుస్తారు. "మీ లొకేషన్ తెలుసుకోవచ్చా?" అని అది అడుగుతుంది. చదవకుండా "అలో" నొక్కేస్తారు. మ్యాప్‌లో నీలం చుక్క సరిగ్గా సొంత డాబా మీద వచ్చి కూర్చుంటుంది. "చూశారా, ఐపీతో ఇల్లు పట్టేసింది" అంటారు. అది పట్టింది ఐపీతో కాదు. ఫోన్‌లోని జీపీఎస్, చుట్టుపక్కల వైఫైల వివరాలు కలిపి ఫోనే చెప్పేసింది, అదీ మీరు ఒప్పుకున్నాక.

## 2. మీ ఐపీ ఏదో తేల్చుకోండి

మీకు ఒకటి కాదు, కనీసం రెండు ఐపీలుంటాయి. ఇంట్లో రూటర్ ఒక్కో ఫోన్‌కి, టీవీకి ఇచ్చుకునే నంబరు ఒకటి, బయట ప్రపంచానికి కనిపించేది మరొకటి.

192.168 తో మొదలయ్యేవి, 10 తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా మొదలయ్యేవి లోపలి నంబర్లు. ఇవి అపార్ట్‌మెంట్‌లో 302 లాంటివి. విజయవాడ పటమటలో ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక 302 ఉంటుంది. 302 అన్నంత మాత్రాన ఎవరిల్లో ఏం తెలుస్తుంది? ఎవరైనా "నీ ఐపీ 192.168.1.5, దొరికిపోయావ్" అని మెసేజ్ పెడితే వాడికి ఏమీ తెలియదని అర్థం.

వరసగా ఇలా చేయండి:

1. ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో మీరు కలిసిన నెట్‌వర్క్ మీద నొక్కి, అక్కడున్న ఐపీ రాసుకోండి. ఇది "అ".
2. బ్రౌజర్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి, సైటు చూపించే నంబరు రాసుకోండి. ఇది "ఆ".
3. బ్రౌజర్‌లోనే 192.168.1.1 కొట్టి రూటర్ పేజీ తెరవండి. జియో రూటర్లకు సాధారణంగా 192.168.29.1. స్టేటస్ అన్న చోట వ్యాన్ ఐపీ (WAN IP) అని ఉంటుంది, అంటే రూటర్‌కి బయటివైపు నంబరు. ఇది "ఇ".
4. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మళ్లీ రెండో పని చేయండి. ఇది "ఈ".

ఇప్పుడు "ఆ", "ఇ" పక్కపక్కన పెట్టి చూడండి.

రెండూ ఒకటే అయితే, ఆ సమయానికి ఆ ఐపీ మీ ఇంటికొక్కదానికే ఉంది. వేరువేరుగా ఉండి, "ఇ" అన్నది 10 తోనో, 100.64 నుంచి 100.127 మధ్యలోనో మొదలైతే, మీరు చాలామందితో కలిసి ఒకే బయటి ఐపీ వాడుతున్నారు. దీన్ని నెట్ వాళ్లు సీజీన్యాట్ అంటారు. పాత పద్ధతి ఐపీలు ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 429 కోట్లే. అవి సరిపోక కంపెనీలు ఒక్కో ఐపీని వందల ఇళ్లకు పంచుతున్నాయి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి ఒకటే గేటు ఉన్నట్టు. బయటివాడికి గేటు కనిపిస్తుంది కానీ, లోపల ఏ ఇంటివాళ్లు బయటికొచ్చారో కనిపించదు.

"ఈ" అయితే దాదాపు ఎప్పుడూ ఇలా పంచుకున్నదే.

చుక్కల బదులు కోలన్లు, మధ్యలో అక్షరాలు ఉన్న పొడవాటి నంబరు కనిపిస్తే అది ఐపీవీ6, కొత్త పద్ధతి ఐపీ. దాన్నీ రాసి పెట్టుకోండి, ఆరో భాగంలో పని ఉంది.

## 3. మ్యాప్‌లో ఎక్కడ చూపిస్తుందో చూడండి

"ఆ" నంబరుని కనీసం మూడు సైట్లలో వేసి చూడాలి. ఒక్కటే చూస్తే అది చెప్పిందే వేదం అనిపిస్తుంది. మ్యాక్స్‌మైండ్, ఐపీఇన్ఫో, ఐపీ2లొకేషన్ ఈ పనికి సరిపోతాయి, ఖర్చు లేదు.

పటమటలో మా అక్క వాళ్లింట్లో ఒకే రోజు, ఒకే ఐపీ, మూడు చోట్ల వేశాను. ఒకటి విజయవాడ అంది, ఒకటి హైదరాబాద్ అంది, ఇంకొకటి చెన్నై. విజయవాడ అన్న సైటు కూడా గుర్తు పెట్టింది పటమటలో కాదు, కృష్ణా నది ఇసుకలో. మా బావ చూసి "మనల్ని నదిలో తోసేసిందేంట్రా" అని ఒకటే నవ్వు.

ఇలా ఎందుకంటే, ఈ సైట్లు ఎవరూ మీ ఇంటికొచ్చి కొలిచినవి కావు. ఫలానా కంపెనీకి ఫలానా ఐపీల కట్ట ఇచ్చారు, ఆ కట్ట ఫలానా ఊళ్లో వాడుతున్నట్టుంది అని వేసుకున్న అంచనాలు. కంపెనీ తన ట్రాఫిక్‌ని హైదరాబాద్ నుంచి బయటికి పంపిస్తే, బెజవాడ ఇల్లు కూడా హైదరాబాద్‌లోనే కనిపిస్తుంది. ఊరు తెలిసినా వీధి తెలియనప్పుడు మ్యాప్ మీద ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టాలి కదా, ఊరి మధ్యలో పెట్టేస్తారు. మ్యాక్స్‌మైండ్ అయితే ఎన్ని కిలోమీటర్ల మేర తేడా ఉండొచ్చో పక్కనే అంకె వేస్తుంది. స్క్రీన్‌షాట్ పంపి బెదిరించేవాడు ఆ అంకెను కత్తిరించేస్తాడు.

ఈ గుర్తుల్ని నిజమని నమ్మితే ఏమవుతుందో అమెరికాలో ఒక కుటుంబం అనుభవించింది. "ఈ ఐపీ అమెరికాలో ఉంది, అంతకుమించి తెలియదు" అన్న సందర్భాలన్నిటికీ మ్యాక్స్‌మైండ్ దేశం మధ్యలో ఒక బిందువు పెట్టింది. అది సరిగ్గా కాన్సస్‌లో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలం మీద పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ పొలం అడ్రస్ చూపించాయి. ఏళ్ల తరబడి పోలీసులు, దొంగ సొత్తు వెతుక్కునేవాళ్లు, తిట్టిపోయేవాళ్లు ఆ ఇంటికొచ్చారు. 2016లో విషయం బయటపడ్డాక కంపెనీ ఆ బిందువుని ఒక చెరువు మధ్యలోకి మార్చింది.

ఇంకో చిన్న పరీక్ష. గూగుల్‌లో ఏదైనా వెతికి, పేజీ అడుగుదాకా వెళ్లండి. అక్కడ ఒక ఊరి పేరు, దాని పక్కన అది ఎలా తెలిసిందో ఉంటుంది. "మీ ఐపీ అడ్రస్ నుంచి" అని ఉందా, "మీ పరికరం నుంచి" అని ఉందా, "మీ గత కార్యకలాపాల నుంచి" అని ఉందా చూడండి. ఐపీ నుంచి అని ఉన్నప్పుడు పేరు ఎంత మోటుగా ఉంటుందో, పరికరం నుంచి అన్నప్పుడు ఎంత దగ్గరికి వస్తుందో మీకే అర్థమవుతుంది.

## 4. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటుంది

ఏ ఐపీ ఎవరి పేరు మీద ఉందో చూపించే హూయిజ్ అని ఒక సౌకర్యం ఉంది. మన వైపు ఐపీలను పంచే సంస్థ ఏపీనిక్. వాళ్ల సైటులో మీ ఐపీ వేస్తే ఒక కంపెనీ పేరు, ఆఫీసు అడ్రస్, ఫిర్యాదులకు ఒక మెయిల్ వస్తాయి. ఆ అడ్రస్ నెట్ కంపెనీ ఆఫీసుది. దాన్ని చూసి "ఇదిగో నీ అడ్రస్" అనేవాళ్లు కూడా తగిలారు.

ఆ మెయిల్ మాత్రం గుర్తు పెట్టుకోండి. ఎవరైనా మీ రూటర్‌ మీద పదేపదే దాడి చేస్తుంటే, ఆ ఐపీ ఉన్న కంపెనీకి ఫిర్యాదు పంపడానికి పనికొస్తుంది.

## 5. డోర్ నంబరు నిజంగా ఎవరి దగ్గరుంటుంది

నెట్ కంపెనీ దగ్గర. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆధార్ ఇచ్చారు, అడ్రస్ ఇచ్చారు, కుర్రాడొచ్చి వైరు లాగి వెళ్లాడు. ఏ సమయానికి ఏ ఐపీ ఎవరికిచ్చారో వాళ్ల లాగ్‌లో ఉంటుంది. 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతులు మార్చి, ఈ రికార్డులు కనీసం 2 ఏళ్లు ఉంచాలని చెప్పింది.

ఆ లాగ్ అడగాలంటే పోలీసు అధికారి రాతపూర్వకంగా అడగాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 94వ సెక్షన్ ఇందుకు వాడతారు. గేమ్‌లో ఓడిపోయినవాడు ఫోన్ చేసి అడిగితే ఇచ్చేది కాదు.

పోలీసులకైనా ఐపీ ఒక్కటే సరిపోదు. సీజీన్యాట్‌లో ఒకే ఐపీ మీద అదే క్షణంలో వందలమంది ఉంటారు కాబట్టి ఏ క్షణమో కావాలి, ఏ పోర్ట్ నంబరో (ఒకే ఐపీ మీదున్న కనెక్షన్లను విడదీసే నంబరు) కావాలి. సమయం దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. చాలా సర్వర్లు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాస్తాయి. మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు. రాత్రి 11 గంటలకు జరిగినదాన్ని సర్వర్ సాయంత్రం 5:30 అని రాస్తుంది. ఆ తేడా చూసుకోకపోతే లాగ్‌లో ఇంకెవరి పేరో వస్తుంది.

మీరు ఫిర్యాదుదారులైతే రాసి ఇవ్వాల్సినవి:

- తేదీ, గంట, నిమిషం, వీలైతే సెకను, అది మన సమయమో యూటీసీనో
- ఐపీ మొత్తం, ఐపీవీ6 అయితే ఒక్క అక్షరం వదలకుండా
- పోర్ట్ నంబరు కనిపిస్తే అది
- ఏ యాప్, ఏ ఖాతా, ఖాతా లింకు

## 6. మినహాయింపులు ఉన్న చోట్లు

స్టాటిక్ ఐపీ తీసుకున్న షాపులు. బీసెంట్ రోడ్డులోనో ఆటోనగర్‌లోనో షాపు పెట్టి, సీసీ కెమెరాలు ఇంటి నుంచి చూసుకోవాలని స్టాటిక్ ఐపీ కొనేవాళ్లున్నారు. ఆ నంబరు మారదు. దాని మీద డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) లాగిన్ పేజీ తెరిచి ఉండి, పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చిందే ఉంటే ఇంక అడ్రస్ వెతకక్కర్లేదు. కెమెరాలో షాపు బోర్డు, ఎదురు షాపు, వీధి అన్నీ కనిపిస్తాయి. నేను చూసినవాటిలో నిజంగా భయపడాల్సిన సంగతి ఇదే. పరిష్కారం సులువు. పాస్‌వర్డ్ మార్చండి, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా లోపలి పరికరానికి తెరిచిన దారి) తీసేసి కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూసుకోండి.

ఐపీవీ6 చివరి సగం. రెండో భాగంలో రాసిపెట్టుకున్న పొడవాటి నంబరు తీయండి. దాని చివరి నాలుగు గుంపుల మధ్యలో ఎఫ్ఎఫ్, ఎఫ్ఈ (ff:fe) అన్న నాలుగక్షరాలు పక్కపక్కన కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఆ పరికరం తన మ్యాక్ నంబరునే (తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు) ఐపీలో పెట్టి తిరుగుతోంది. ఫోన్లు, ఇప్పటి విండోస్ ఇలా చేయవు, చివరి భాగాన్ని మారుస్తూ ఉంటాయి. పాత రూటర్లు, కొన్ని చవక పరికరాలు చేస్తాయి. రూటర్ మ్యాక్, దాని వైఫై మ్యాక్ సాధారణంగా ఒకటి రెండు అంకెల తేడాలో ఉంటాయి. ఏ వైఫై ఎక్కడుందో గూగుల్, యాపిల్ లాంటి కంపెనీల దగ్గర పెద్ద జాబితాలున్నాయి. ఈ రెండూ కలిపి వీధి దాకా రావచ్చని పరిశోధకులు చేసి చూపించారు. ఐపీతో ఇంటి దగ్గరికి వచ్చే అసలైన దారి ఏదైనా ఉందంటే ఇదొక్కటే. అదీ పనితెలిసినవాడికే.

మీ రూటర్ అలా కనిపిస్తే ముందు దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. అయినా అలాగే ఉంటే రూటర్ మార్చమని అడగండి. రూటర్ మారేదాకా ఐపీవీ6 ఆపేసుకోవచ్చు. వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి నోమ్యాప్ అని ఇంగ్లిష్‌లో (_nomap) చేరిస్తే గూగుల్, యాపిల్ తమ జాబితాల నుంచి దాన్ని వదిలేస్తాయి.

కాలేజీ, ఆఫీసు నెట్. అక్కడి ఐపీ వేస్తే సంస్థ పేరే రావచ్చు. ఇల్లు తెలియదు కానీ ఎక్కడ చదువుతున్నారో తెలుస్తుంది. అమ్మాయిలు ఇది కాస్త గుర్తుంచుకోవాలి.

## 7. అడ్రస్ అసలు ఎక్కడ కారుతోంది

ఐపీ గురించి భయపడేవాళ్ల ప్రొఫైల్ తెరిచి చూస్తే, పావుగంటలో అడ్రస్ నాకే దొరికేస్తుంది. ఈ జాబితా పట్టుకుని మీ ఖాతాలు మీరే వెతుక్కోండి, పరాయివాడి కళ్లతో.

- కరెంటు బిల్లు వాచిపోయిందని ఫొటో తీసి పెట్టడం. బిల్లు మీద పేరు, అడ్రస్, సర్వీస్ నంబరు అన్నీ ఉంటాయి.
- సంక్రాంతి ముగ్గు ఫొటో. ముగ్గు బాగుంది, వెనక గేటు మీద డోర్ నంబరు పలక ఇంకా బాగా కనిపిస్తోంది.
- కొత్త ఫోన్ వచ్చిందని పార్సిల్ డబ్బా ఫొటో. లేబుల్ మీద పిన్‌కోడ్‌తో సహా ఉంటుంది. డబ్బా చెత్తలో వేసేటప్పుడు కూడా లేబుల్ చింపి వేయండి.
- ఉద్యోగాల సైట్లలో ఐదేళ్ల కిందట పెట్టిన రెజ్యూమె. పైన పూర్తి అడ్రస్ రాయడం మనవాళ్లకు అలవాటు. ఊరి పేరు చాలు.
- పెళ్లి పత్రిక, గృహప్రవేశం కార్డు స్టేటస్‌లో పెట్టడం. గృహప్రవేశం కార్డు మీదైతే మ్యాప్ కూడా గీయిస్తాం.
- గూగుల్ మ్యాప్స్‌లో వీధి చివర కిరాణా కొట్టుకీ, పక్క వీధి టిఫిన్ సెంటర్‌కీ, దగ్గరి మెడికల్ షాపుకీ ఒకే పేరుతో రివ్యూలు. మూడూ కలిపితే మధ్యలో ఉన్నది మీ ఇల్లే.

ఫొటో లోపల దాగిన లొకేషన్ సంగతి వేరు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో ఫొటోలోనే రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది తుడిచిపోతుంది. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. మెయిల్‌లో పంపినా, డ్రైవ్ లింకు ఇచ్చినా అంతే. పాత బైకు అమ్మకానికి ఫొటోలు పంపేటప్పుడు జరిగేది ఇదే.

ఫోన్ నంబరు ఇంకో దారి. నంబరు తెలిస్తే యూపీఐ యాప్‌లో పేరు వస్తుంది. పేరు, పేట రెండూ కలిస్తే ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు అచ్చై ఉంటుంది. అందుకే పూర్తి పేరు ఒకచోట, పేట పేరు ఇంకోచోట ఉన్నా ఫర్వాలేదు కానీ, ఒకే ప్రొఫైల్‌లో రెండూ పెట్టకండి. గేమ్ ఖాతాకి సొంత పేరు, ఇన్‌స్టా లింకు అసలే వద్దు.

## 8. సరిచేసుకునే వరస

వీపీఎన్‌తో మొదలుపెట్టకండి. దాని వంతు చివర్లో వస్తుంది.

మొదట రూటర్. లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ పేజీ తెరిచే పాస్‌వర్డ్. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది) ఆపండి. యూపీఎన్‌పీ (యాప్‌లు వాటంతటవే రూటర్‌లో దారులు తెరుచుకోనిచ్చేది) కూడా ఆపండి. గేమ్ ఆడేటప్పుడు కనెక్షన్ ఇబ్బంది వస్తే అదొక్కటి మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. కేబుల్ కుర్రాడు వచ్చి రీసెట్ కొడితే ఇవన్నీ పాతవాటికి వెళ్లిపోతాయి, వాడు వెళ్లాక మళ్లీ చూసుకోండి.

తర్వాత కాల్స్. వాట్సాప్‌లో ఇద్దరు మాట్లాడుకునే కాల్ వీలైతే నేరుగా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్తుంది. అప్పుడు అవతలివాడికి మీ ఐపీ అందే వీలుంటుంది. సెట్టింగ్స్, ప్రైవసీ, అడ్వాన్స్‌డ్ వరసగా వెళ్లి, కాల్స్‌లో ఐపీ అడ్రస్‌ను కాపాడమనే మీట ఆన్ చేయండి. కాల్ క్వాలిటీ కాస్త తగ్గవచ్చు. గ్రూప్ కాల్స్ ఎలాగూ సర్వర్ మీదుగానే వెళ్తాయి. టెలిగ్రామ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కాల్స్, పీర్ టు పీర్ దగ్గర "నెవర్" పెట్టండి.

లింకులు. ఐపీ పట్టుకోవడానికి ఎక్కువగా వాడే ఎర ఇదే. "నీ ఫొటో ఇక్కడ పెట్టారు చూడు" అని లింకు వస్తుంది. నొక్కగానే మీ ఐపీ, ఫోన్ మోడల్, బ్రౌజర్ పేరు అవతలివాడికి వెళ్తాయి. అక్కడితో ఆగితే నష్టం తక్కువే. ఆ పేజీ లొకేషన్ అడిగినప్పుడు అనుమతిస్తే మాత్రం నిజంగానే ఇల్లు దొరికినట్టు.

లొకేషన్ అనుమతులు. ఏ యాప్‌కి "ఎప్పుడూ" ఉందో చూసి "వాడుతున్నప్పుడు మాత్రమే"కి మార్చండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపండి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ తెరిచి, ఎప్పుడో ఎవరికో ఇచ్చి మర్చిపోయినవి తీసేయండి. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం ఎదురవుతుంది.

చివరగా వీపీఎన్, అవసరమైతేనే. అది మీ ఐపీని సైటు నుంచి దాస్తుంది, బదులుగా మీరు చేసేదంతా వీపీఎన్ కంపెనీ మీదుగా వెళ్తుంది. ఊరూపేరూ లేని ఉచిత యాప్ వేసుకోవడం కన్నా ఏదీ లేకపోవడం నయం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల వివరాలు 5 ఏళ్లు ఉంచాలి. దాంతో కొన్ని పెద్ద కంపెనీలు మన దేశంలో సర్వర్లు తీసేశాయి. వేసుకుంటే, వేసుకున్నాక "ఆ" పరీక్ష మళ్లీ చేయండి. ఐపీవీ6 నంబరు పాతదే కనిపిస్తే వీపీఎన్ సగమే పనిచేస్తోందన్నమాట. బ్యాంకు, యూపీఐ యాప్‌లు వీపీఎన్ మీద మొరాయిస్తే కంగారు పడకండి, ఆపి వాడుకోండి.

## 9. ఎవరైనా బెదిరిస్తే

1. జవాబు ఇవ్వకండి. "ఎవడ్రా నువ్వు" అన్నది కూడా జవాబే. వాడిచ్చింది సరైన ఐపీ అవునో కాదో మీ మాటల్లోనే తెలుసుకుంటాడు.
2. చాట్ చెరపకండి. ఖాతా పేరు, లింకు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ తర్వాతే బ్లాక్ చేయండి.
3. వాడు చూపించిన ఐపీని మీ కాగితం మీదున్న "ఆ", "ఈ"లతో పోల్చండి. చాలాసార్లు ఏదీ కలవదు. నెట్ ఐపీ రోజుల తేడాలో మారుతుంది కాబట్టి, కలవకపోతే మెసేజ్ వచ్చిన రోజు ఎక్కడ నుంచి వాడారో కూడా గుర్తు తెచ్చుకోండి.
4. గేమ్ మధ్యలో నెట్ పడిపోతుంటే మీ ఐపీ మీదికి చెత్త ట్రాఫిక్ తోస్తుండొచ్చు. రూటర్ ఆపి, పది నిమిషాలాగి పెట్టండి. ఐపీ మారకపోతే కంపెనీకి ఫోన్ చేసి మార్చమనండి. మొబైల్ డేటా అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీస్తే సాధారణంగా మారుతుంది.
5. డబ్బు అడిగినా, ఫొటోలతో బెదిరించినా, ఇంటి అడ్రస్ నిజంగానే సరిగ్గా రాసినా ఆగకండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. దాని చిరునామా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930. మనిషి గేటు దగ్గరే ఉంటే 112.

స్టేషన్‌కి వెళ్తే "మా పరిధి కాదు" అనే మాట వినాల్సి రావచ్చు. పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే (కాగ్నిజబుల్) నేరమైతే, పరిధితో పనిలేని జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. బెదిరింపుకు భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్, మగవాడు ఆడవాళ్ల వెంట ఆన్‌లైన్‌లో పడితే 78వ సెక్షన్ ఉన్నాయి. కాగితం మీద రాసుకుని వెళ్తే మాట తొందరగా తెగుతుంది.

ఇంకో రకం ఫోన్ వస్తుంది. "మీ ఐపీ నుంచి అశ్లీల వీడియోలు చూశారు, సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, వీడియో కాల్ కట్ చేస్తే అరెస్ట్" అని. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. నిజంగా మీ ఐపీ మీద విచారణ ఉంటే నోటీసు వస్తుంది, వీడియో కాల్ కాదు. కట్ చేసి 1930కి చెప్పండి. ఇంట్లో రిటైరైన పెద్దవాళ్లుంటే ఈ పేరా వాళ్లకు చదివి వినిపించండి, వాళ్లకే ఇలాంటి ఫోన్లు ఎక్కువ.

## 10. తరచూ జరిగే పొరపాట్లు

ఇన్‌కాగ్నిటోలో ఐపీ కనపడదనుకోవడం. అది మీ ఫోన్‌లో చరిత్ర దాచుకోకుండా ఉండటానికే. ఐపీ మామూలుగానే వెళ్తుంది.

తెలిసినవాళ్లనే నమ్మి రూటర్ స్టిక్కర్ ఫొటో గ్రూపులో పెట్టడం. వైఫై పేరు, పాస్‌వర్డ్, మ్యాక్ మూడూ దాని మీదే ఉంటాయి. ఆరో భాగంలో చెప్పిన లంకెకి కావాల్సింది ఆ మ్యాకే.

వైఫైకి ఇంటి పేరు పెట్టడం. ఇంటి పేరు, ఫ్లాట్ నంబరు కలిపి వైఫై పేరు పెట్టేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ముగ్గురైనా ఉంటారు. లిఫ్టులో నిలబడి ఫోన్ తీస్తే ఎవరెక్కడుంటారో జాబితా వచ్చేస్తుంది.

ఎదుటివాడి ఐపీతో వాడింటికి వెళ్లాలనుకోవడం. ఇది కూడా అడుగుతుంటారు, "వాడి ఐపీ దొరికింది, అడ్రస్ తీసిపెట్టు" అని. పైన చదివారుగా, అది మీకూ దొరకదు. దొరికిందనుకుని వెళ్తే తలుపు తీసేది సంబంధంలేని మనిషి కావచ్చు.

బ్రాడీపేట కుర్రాడి విషయానికొస్తే, వాడికొచ్చిన ఐపీని కాగితం మీదున్నవాటితో పోల్చాం. మొబైల్ డేటాది కలిసింది. అంటే ఎప్పుడో లింకు నొక్కాడు, అంతే. వాళ్లమ్మ ఊపిరి పీల్చుకుని లేచేలోపు నేను వాడి గేమ్ ప్రొఫైల్ తెరిచాను. కింద ఇన్‌స్టా లింకు, ఇన్‌స్టాలో పుట్టినరోజుకి కొన్న బైకు మీద కూర్చుని నవ్వుతున్న ఫొటో. వెనక గేటు. గేటు మీద నీలం పలక, తెల్ల అంకెలు, జూమ్ చేయకుండానే చదవగలిగేలా. "ఇది తీసెయ్ ముందు" అన్నాను. వాడు ఫొటో తీసేస్తూ "లైకులు నాలుగొందలు వచ్చాయి బాబాయ్" అన్నాడు.